కోడలి కాటేజీలో మూడో రాత్రి

శ్రీరమ్యకి ఇరవై తొమ్మిదేళ్లు. కాఫీ నిలబడే తాగుతుంది.

రెండు వేల రెండు వేసవిలో ఆమెని సముద్రానికి తీసుకెళ్లారు. తీసుకెళ్లింది భర్త వీరాంజనేయులు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. నల్లపాడు రోడ్డులో కింద మిరపకాయల గోడౌను, పైన ఇల్లు. అతనితోపాటు తల్లి సుబ్బరావమ్మ, ఎనిమిదేళ్ల బాలు, ఐదేళ్ల భవ్య. సుమోలో ఈ ఐదుగురూ కాక ఒక గ్యాసు స్టవ్వు, ఒక బొగ్గుల కుంపటి, బియ్యం, పచ్చళ్ల జాడీలు, ఒక సంచి నిండా ఎండుమిరపకాయలు కూడా ప్రయాణం చేశాయి. బయటి కారం తమకి పడదని సుబ్బరావమ్మ సిద్ధాంతం. మొత్తం మీద ఇంట్లోంచి వంటిల్లు ఒక్కటీ ఊడదీసి సముద్రం ఒడ్డున పెట్టారు. దాన్నే మగవాళ్లు విశ్రాంతి అంటారు.

దిగిన చోటికి మంచి పేరు లేదు.

వాడరేవులో, సరుగుడు తోపు వెనక, ఎవరో పొగాకు వ్యాపారి కట్టించిన చిన్న కాటేజీ అది. మే నెల రద్దీలో కూడా ఖాళీగా దొరికింది. ఎందుకు దొరికిందో అడగాలని వీరాంజనేయులికి తట్టలేదు. ఊళ్లో వాళ్లు దాన్ని కోడలి కాటేజీ అంటారని వాచ్‌మన్ తోమా మొదటి సాయంత్రమే చెప్పాడు. పిల్లలు నిద్రపోయాక, మెట్ల మీద కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఎప్పుడో... ఒక కుటుంబం వచ్చిందండయ్యగారూ. కొత్త కోడలు. వచ్చిన రోజు నుంచీ వంటే. ఆఖరి రోజు రాత్రి, ఒక్కసారి సముద్రం చూసొస్తానని వెళ్లిందంట..."

"వెళ్లి?"

"వెళ్లిందండి. అంతే."

శవం దొరకలేదట. కానీ కొన్ని రాత్రులు ఇసుకలోంచి తడి అడుగులు పడుతూ వస్తాయట. తిన్నగా... వంటింటి గుమ్మం దాకా. హాల్లోకి రావు. పడగ్గదిలోకి రావు. వంటింటికే.

చచ్చాక కూడా వంటింటికే వచ్చే దెయ్యం. పెంచిన వాళ్లని మెచ్చుకోవాలి.

"కోడలు బుద్ధిమంతురాలేలే" అంది సుబ్బరావమ్మ, వక్క నములుతూ. అన్నది వెటకారానికి కాదు.

మొదటి రోజు పూరీలు, బంగాళాదుంప కూర, మధ్యాహ్నం పప్పూ చారూ, సాయంత్రం పిల్లలకి బజ్జీలు. రెండో రోజు వీరాంజనేయులు ఒడ్డుకెళ్లి నాలుగు రకాల చేపలు తెచ్చి వంటింటి గట్టు మీద పడేశాడు. తెచ్చిన వాడికి తెచ్చిన శ్రమ చాలు కదా. శ్రీరమ్య సముద్రాన్ని అలా చూసింది. చేపల పొట్టలో.

దిగాలని ఆమెకి ఉంది. చాలా ఉంది. అద్దంకిలో బడిపంతులు కూతురు ఆమె. పదో తరగతిలో అందరూ విహారయాత్రకి బాపట్ల సముద్రానికి వెళ్తే ఈమెకి మాత్రం జ్వరం వచ్చింది. అప్పటి నుంచీ ఆ కోరిక అలా ఉండిపోయింది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

అడిగితే అత్తగారు అంది: "తడిచీరతో పదిమందిలోనా? ఇంకా నయం."

భర్త అన్నాడు: "వచ్చే ఏడాది చూద్దాంలే." అంటూనే చిన్న నిక్కరు వేసుకుని, పెద్ద పొట్టతో, పదిమందిలోనే అలల్లోకి పరిగెత్తాడు. పరువు పొట్ట మీద ఉండదు, చీర మీద ఉంటుంది.

చేపలు శుభ్రం చేయడానికి తోమా భార్య రెబ్కా వచ్చి సాయం కూర్చుంది. శ్రీరమ్య కిటికీ వైపు చూడటం ఆమె చూసింది.

"ఒక్కసారి దిగమ్మా. రాత్రిపూట ఎవరు చూస్తారు? నేను తోడొస్తాలే" అంది, పొలుసు గీకుతూ.

"మా ఇంట్లో..."

"నేను పిలవనమ్మా. నువ్వు ఒడ్డుకొస్తే నేనుంటా."

మూడో రోజు రెబ్కా కనిపించలేదు. శ్రీరమ్యకి ఆ సంగతి ఆలోచించే తీరిక లేదు. మర్నాడు పొద్దున్నే ప్రయాణం. రాత్రి కుంపటి మీద చేపలు కాల్చి, అందరికీ పెట్టి, గిన్నెలు తోమి, దారిలోకి పులిహోర కలిపి మూత పెట్టేసరికి పన్నెండు దాటింది. పడుకుంది. నిద్ర రాలేదు. సముద్రం కిటికీ బయటే ఊపిరి తీస్తున్నట్టుంది... ఇంక నాలుగు గంటల్లో సుమో వచ్చేస్తుంది.

లేచింది.

హాల్లో గడియారం రెండు కొట్టింది. ఆమె వంటింటి తలుపు గడియ తీసింది. చప్పుడు రాకుండా, ఒక్కో అంగుళం...

బయట వెన్నెల. సరుగుడు చెట్ల కింద మాత్రం నల్లగా ఉంది. చెప్పులు వదిలేసింది. ఇసుక చల్లగా ఉంది. తోమా గుడిసెలో దీపం లేదు. ఒడ్డున ఎవరూ లేరు.

రెబ్కా లేదు.

అయినా దిగింది. ముందు పాదాలు... తర్వాత మోకాళ్లు. అల వచ్చి నడుముకి కొట్టేసరికి ముడి ఊడిపోయి జుట్టంతా నీళ్ల మీద పరుచుకుంది. వెనక్కి పోయే నీళ్లు కాళ్ల కింది ఇసుకని లాగేస్తున్నాయి. ఇంకో అడుగు వేసింది —

కింద ఏమీ లేదు.

ఒక చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది.

"ఇటు రా అమ్మాయ్. అక్కడ గుంట."

పక్కనే, మెడదాకా నీళ్లలో, ఒక ఆడమనిషి. తడిజుట్టు మొహమంతా కప్పేసింది. శ్రీరమ్యకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. రెబ్కా మాట నిలబెట్టుకుంది.

"ఎప్పుడొచ్చావ్? చూడనేలేదు."

"ఇక్కడే ఉన్నా."

కాసేపు ఇద్దరూ అలలకి ఊగారు. చెయ్యి వదల్లేదు. చాలా చల్లగా ఉంది ఆ చెయ్యి. నీళ్లలో ఉన్న చెయ్యి చల్లగా కాక ఎలా ఉంటుంది?

"వంటయిందా?" అంది ఆమె, మెల్లగా.

"అయింది."

"రేపటిది?"

"అదీ అయింది. పొద్దున్నే వెళ్లిపోతున్నాం."

"అయితే ఇంకాసేపు ఉండు."

ఉంది. పెద్ద అల వచ్చి ఇద్దరి నెత్తిన విరిగింది. శ్రీరమ్య ఉప్పునీళ్లు మింగి, ఉమ్మి, నవ్వింది. అలా కడుపులోంచి నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. పక్కనున్న మనిషి కూడా నవ్వింది.

"ఇంక పో" అంది తర్వాత. "పిల్లలు లేస్తారు."

శ్రీరమ్య ఒడ్డెక్కి చూస్తే మనిషి కనిపించలేదు. గుడిసె వైపు వెళ్లి ఉంటుందిలే అనుకుంది. మీగడరంగు మంగళగిరి చీర ఒంటికి అంటుకుపోయి, జుట్టు విరబోసుకుని, ఇంకా నవ్వుకుంటూ తోపు దాటింది —

సరిగ్గా అప్పుడే వీరాంజనేయులు లఘుశంకకి బయటికొచ్చాడు.

ఇద్దరి మధ్యా పది అడుగుల దూరం ఉండదు. వెన్నెల ఆమె మొహం మీదే పడుతోంది. అతను చూశాడు. బాగా చూశాడు. ఆమె ఆగిపోయింది. ఏం చెప్పాలి... ఏదో చెప్పబోయి నోరు తెరిచింది.

"అమ్మా..." అని అతను లోపలికి పరిగెత్తి, ముందు తలుపు గడియ పెట్టేశాడు.

తొమ్మిదేళ్లుగా తన పక్కన పడుకుంటున్న మనిషిని అతను గుర్తుపట్టలేదు.

వంటింటికి వేరే తలుపుందని కూడా అతనికి తెలియదు. తెలియాలంటే ఒక్కసారైనా వంటింట్లోకి రావాలి. శ్రీరమ్య ఆ తలుపులోంచే వచ్చి, తీగ మీద ఆరేసిన చీర చుట్టుకుని, తడిచీర బకెట్లో కుక్కి, తలకి తువ్వాలు చుట్టింది.

"ఏమే రమ్యా... ఎక్కడున్నావే?" హాల్లోంచి అత్తగారి గొంతు వణుకుతోంది.

"వంటింట్లో, అత్తయ్యా."

రాత్రి మూడింటికి వంటింట్లో ఏం పని అని ఎవరూ అడగలేదు. కోడలికి అంతకన్నా గట్టి సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు.

హాల్లో వీరాంజనేయులు దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. పిల్లలు లేచి నాయనమ్మకి అతుక్కుపోయారు.

"జుట్టు విరబోసుకుందమ్మా... ఒళ్లంతా నీళ్లు..."

"మొహం చూశావా నాయనా?"

"చూశా." అతను దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "నవ్వుతోంది."

సుబ్బరావమ్మ కళ్లు మూసుకుంది. ఇంక అనుమానమేముంది? ఆడది ఒంటరిగా, హాయిగా నవ్వుతోందంటే అది మనిషి అయ్యే అవకాశమే లేదు.

అయినా పరీక్ష పరీక్షే. కుంపటి తెప్పించింది. బూడిద కింద నిప్పు ఇంకా ఉంది. సంచిలోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు, దొడ్డుప్పు తీసి కొడుక్కీ మనవలకీ మూడుసార్లు తిప్పింది. ఘాటొస్తే ఏ దోషమూ లేనట్టు. ఘాటు రాకపోతే — ఉన్నట్టు. శ్రీరమ్య గోడ పక్కన నిలబడి లెక్క వేసుకుంది. ఘాటొస్తే, దెయ్యం లేనట్టే. దెయ్యం లేకపోతే, మరి ఆ తడిచీరలో ఎవరు?

మిరపకాయలు నిప్పుల మీద పడ్డాయి. చిటపటలాడాయి. పొగ లేచింది...

ఎవరూ దగ్గలేదు.

దగ్గేదెవరు? సుబ్బరావమ్మ ముప్పై ఏళ్లుగా మిరపకాయల గోడౌను మీద కాపురముంది. కొడుకు బస్తాల మధ్య పాకాడు. మనవలు ఆ మిరప కోరు ఘాటులోనే ఊయలూగారు. ఆ ముక్కులు ఘాటుని గాలి అనుకోవడం మొదలుపెట్టి తరాలయింది. మూడు తరాలవాళ్లూ నిప్పుల మీద వంగి, గుండెల నిండా పీల్చి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రాలేదు" అన్నాడు వీరాంజనేయులు, పాలిపోయి.

"ఇంకో గుప్పెడు వెయ్" అంది తల్లి.

తొమ్మిదేళ్లయినా ఆ ఘాటుకి అలవాటు పడని ముక్కు ఒక్కటే ఉంది అక్కడ. శ్రీరమ్య గొంతులో చీమలు పాకుతున్నాయి. ఒక్క దగ్గు వస్తే అయిపోయింది. పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ల వెంట ధారలు కారిపోతున్నాయి.

"ఎందుకే ఏడుస్తావ్?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఊపిరి బిగబట్టి, ఎలాగో అంది: "భయమేస్తోంది... అత్తయ్యా."

"పిచ్చిదానా, నేనున్నాగా" అంది సుబ్బరావమ్మ. తొమ్మిదేళ్లలో కోడలితో అంత మెత్తగా మాట్లాడటం అదే మొదలు.

అప్పుడు బయటి నుంచి వినిపించింది. కిటికీ అవతల, చీకట్లో, పేగులు తెగేలా ఒక దగ్గు. తర్వాత ఇంకోటి. అది దూరంగా, దూరంగా పోయింది.

"పోతోంది" అంది సుబ్బరావమ్మ, గుసగుసగా. "నా మిరపకాయలకి తట్టుకోలేక పోతోంది."

పొగ కిటికీలోంచి తోమా గుడిసె మీదికి మళ్లింది. పాపం తోమా పక్క తీసుకుని ఒడ్డుకి పారిపోతున్నాడు. ఆ సంగతి శ్రీరమ్యకి తెలుసు. చెప్పలేదు.

"గుండె దడగా ఉంది. కాఫీ పెట్టవే" అంది అత్తగారు. దెయ్యం వెళ్లి అందరికీ కాఫీ పెట్టింది. వంటింట్లో తలుపు వేసుకుని, తనివితీరా దగ్గింది.

పొద్దున సుమోలో సామాన్లు ఎక్కిస్తున్నారు. అత్తగారు తోమాకి దెయ్యాన్ని తరిమిన వైనం చెబుతోంది. ఎర్రబడ్డ కళ్లతో అతను "అవునండమ్మగారూ" అంటున్నాడు. శ్రీరమ్య కారు పక్కన నిలబడి ఉంది. రాత్రంతా ఆమెకి అర్థమైనది ఒకటే: ఇక మీదట అడగక్కర్లేదు. తనని గుర్తే పట్టలేని మనిషి దగ్గర అనుమతి తీసుకోవడం ఏమిటి?

రోడ్డు మీద ఒక ఆటో ఆగింది. చేతిసంచితో రెబ్కా దిగి, ఆమె దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చింది.

"అమ్మా, వెళ్లిపోతున్నారా? ఏమనుకోబాక. నిన్న తెల్లారుజామునే మా పెద్దమ్మాయికి నొప్పులొచ్చాయంటే చీరాల ఆసుపత్రికి పోయా. ఇదిగో, ఇప్పుడే రావడం. ఆడపిల్ల." నవ్వి, గొంతు తగ్గించింది. "తోడొస్తానని మాటిచ్చి రాలేకపోయా. దిగలేదు కదూ?"

శ్రీరమ్య కుడి అరచేతిని చీరకేసి తుడుచుకుంది. ఎండ అప్పటికే మండుతోంది. ఆ చెయ్యి మాత్రం... ఇంకా చల్లగానే ఉంది.

"ఎక్కవేం? ఎండెక్కుతోంది" అన్నాడు వీరాంజనేయులు.

ఎక్కింది.

ఆ తర్వాత శ్రీరమ్య మూడుసార్లు సముద్రానికి వెళ్లింది. మూడుసార్లూ ఎవర్నీ అడగలేదు. మూడుసార్లూ పట్టపగలే దిగింది.