ఒంటరివారికి రూములు ఇవ్వబడవు

రవిచంద్రను చంపేముందు అతనికి అన్నం పెట్టారు.

చెన్నై ఓడరేవు దగ్గర ఒక అద్దె ఇల్లు. రెండేళ్లు అతనితో కలిసి పనిచేసిన ఏజెంట్ కోమలి స్వయంగా వండింది, వడ్డించింది. మారు వడ్డించడానికి లేచినట్టు వెనక్కి వెళ్లి, సైలెన్సర్ బిగించిన పిస్తోలుతో కాల్చింది. ఆ రాత్రే శత్రువుల వైపు వెళ్లిపోయింది. శత్రువును చంపితే డ్యూటీ అంటారు. విస్తరి ముందు కూర్చోబెట్టి చంపితే ఏమనాలో ఇంటెలిజెన్స్ మాన్యువల్‌లో లేదు. సీక్రెట్ ఏజెంట్ దేవేంద్రకు మాన్యువల్‌తో పనిలేదు. కోమలిని నా చేతులతోనే చంపుతానని ఒట్టు పెట్టుకున్నాడు.

రవిచంద్ర అతని సొంత తమ్ముడు.

"సూడు దేవేంద్రా," అంది చీఫ్ జ్ఞానాంబ, రేణిగుంట రోడ్డు పక్కన ఆపిన జీపులో. సొంతూరు చిత్తూరు. ఢిల్లీలో ఇరవై ఏళ్లు పనిచేసినా ఆమె మాట మారలేదు. "ఈ సాయంత్రం సూళ్లూరుపేట పక్కనుంచి రాకెట్ లేస్తాది. దారి తప్పితే గాల్లోనే పేల్చేదానికి దానికొక డిస్ట్రక్ట్ కోడ్ ఉండాది. ఆడ పనిచేసే వాడెవడో దాన్ని అమ్ముకున్నాడు. ఇప్పుడది ఒక చిప్‌లో, కోమలి దగ్గర ఉండాది."

"కొనేదెవరు మేడమ్?"

"కోరల్ రింగ్ అనే గూఢచారుల ముఠా. వాళ్ల మనిషి మార్టిన్ అనేవాడు ఫ్లైట్ దిగి పెంచల రెసిడెన్సీకి వస్తాడు. రూమ్ నంబర్ రెండొందల ఏడు. ఎయిర్‌పోర్టుకు దగ్గర, చవక. అట్లాంటి తావులో ఎవరి మొహం ఎవరూ సూడరు. రాకెట్ లేస్తానే వాడు ఆ కోడ్‌ను ప్రసారం చేస్తాడు."

"లాంచ్ ఆపేయొచ్చు గదా?"

"ఆపమని రాసినాను. సూసేదానికి పెద్దోళ్లు వస్తా ఉండారంట, ఆపరంట." జ్ఞానాంబ కళ్లద్దాలు తుడుచుకుంది. "మార్టిన్ చిప్ అందుకునేదాకా ఆమెను తాకొద్దు. ఆ తర్వాత కూడా చంపొద్దు. కోడ్ అమ్మినోడి పేరు ఆమెకొక్కదానికే తెలుసు. మాటియ్యి."

"చూస్తాను మేడమ్."

అది మాట ఇవ్వడం కాదని ఇద్దరికీ తెలుసు. చీఫ్ రెట్టించలేదు. మైక్ దాచిన తులసి మాలను అతని మెడలో తనే వేసింది. వేషం గురించి చర్చ రాలేదు. తమ్ముడి కర్మ చేయడానికి ఇంకెవరూ లేక, స్వర్ణముఖి ఒడ్డున దేవేంద్ర గుండు చేయించుకుని వారం కూడా కాలేదు. తిరుపతి చుట్టుపక్కల గుండును ఎవరు పట్టించుకుంటారు? కాస్త గంధం పూసుకుంటే చాలు, చావింటి మనిషి కూడా తిరుమల భక్తుడైపోతాడు.

పెంచల రెసిడెన్సీ రిసెప్షన్‌లో కోమలి అతనికన్నా ముందే నిలబడి ఉంది. ఫోటోల్లో చూసినదానికంటే అందంగా ఉంది, అది అతనికి మరీ మండింది. నల్ల కళ్లజోడు, లేత నీలం పట్టుచీర, జడకు రాళ్ల క్లిప్పు. కౌంటర్ వెనక మేనేజర్ వరదయ్య తల అడ్డంగా ఊపుతున్నాడు.

"యాప్‌లో బుక్ చేశానండీ. కన్ఫర్మ్ అయింది."

"యాప్‌లో కన్ఫరమ్ అయితే యాప్‌లోనే పడుకోమ్మా. ఒంటిగా వచ్చినోళ్లకు మేము రూము ఇయ్యము." వరదయ్య వెనకున్న బోర్డు చూపించాడు. "పోయినేడు ఒకాయన దేవుణ్ణి సూసుకోని వచ్చి ఈడ ఫ్యానుకు వేలాడినాడు. పోలీసోళ్లు నా ప్రాణం తీసినారు. మొగోడైనా ఆడదైనా తోడు లేనిదే తాళం ఇయ్యను."

కోరల్ రింగ్‌కు పదహారు దేశాల్లో మనుషులున్నారు, శాటిలైట్ ఫోన్లున్నాయి, దొంగ పాస్‌పోర్టులున్నాయి. వరదయ్య సంగతి మాత్రం వాళ్లకు తెలియదు. కోమలి పళ్లు కొరుక్కుని ఫోన్ తీసింది. చోటు మార్చబోతోంది. ఆమె ఈ గుమ్మం దాటితే మార్టిన్ దొరకడు, కోడ్ దొరకదు, తమ్ముడి బాకీ తీరదు. పైగా తనకూ ఒంటరిగా రూము రాదు.

దేవేంద్ర సంచి భుజాన వేసుకుని ముందుకొచ్చాడు.

"ఏమే, అలిగి నాకంటే ముందే వచ్చేస్తివా? నా పెండ్లామే అప్పా. రైల్లో మాటామాటా అనుకున్నాము."

ఆ మాట అంటుంటే నాలుక కాలినట్టయింది. కోమలి ఒక్కసారి కళ్లజోడు సర్దుకుంది, అంతే.

"మీ అమ్మతో ఫోన్లో మాట్లాడటం అయిందా?" అంది మూతి తిప్పుకుని.

వరదయ్య తాళం ఇచ్చాడు. "పైకి పోయి గలాటా చేసుకోవద్దండి, గోడలు పలచన. వేణ్ణీళ్లు పొద్దున మాత్రమే."

గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, గోడకు టీవీ. కిటికీలోంచి రన్‌వే చివర కనిపిస్తోంది. దేవేంద్ర, ఒంటరిగా రూము దొరకదనే పెండ్లామని అన్నాననీ, తన పేరు దేవరాజులనీ, పలమనేరులో పాల వ్యాపారమనీ, ఒక కునుకు తీసి బండెక్కేస్తాననీ చెప్పాడు.

"ఒక గంట బయటికి వెళ్లి రాగలరా?" అని నవ్వింది కోమలి.

"గుండు మీద ఎండ తగిలితే తట్టుకోలేను తల్లీ."

రవిచంద్ర పంపిన ఫోటోలోనూ ఆమె ఇలాగే నవ్వుతూ ఉంది, వాడి భుజం మీద చెయ్యి వేసి. ఆ మెడ అందుకోవడానికి రెండడుగులు చాలు. ఇంకాసేపు ఇక్కడే ఉంటే ఆ రెండడుగులూ వేసేస్తానని భయమేసి, దేవేంద్ర బాత్‌రూములోకి వెళ్లి మొహం కడుక్కున్నాడు.

తిరిగొచ్చేసరికి అతని సంచి మంచం మీద బోర్లించి ఉంది. కోమలి చేతిలో పిస్తోలు ఉంది.

"లడ్డు ఏది?"

"ఏం లడ్డు?"

"కొండకెళ్లి గుండు చేయించుకుని, ఒక్క లడ్డు కూడా లేకుండా దిగొచ్చిన మనిషిని నేనింతవరకు చూడలేదు. పక్కింటివాళ్లకు పంచడానికైనా ఉండాలి. ఎవరు నువ్వు?"

పదిహేనేళ్ల సర్వీసు. ఆరు భాషలు, నలభై వేషాలు. చివరికి లడ్డు దగ్గర దొరికిపోయాడు! మాలలోని మైక్‌లో జ్ఞానాంబ అంతా వింటూనే ఉంటుంది. అయినా మార్టిన్ రాకముందు మనుషుల్ని పంపదు. ఇక దాచి లాభం లేదు. దాచాలనీ లేదు.

"కొండకు పోలేదు. పోకూడదు," అన్నాడు. "ఇంట్లో సావు జరిగింది. ఏడాదిదాకా నాకు కొండ లేదు."

"ఎవరు పోయారు?"

"నువ్వు అన్నం పెట్టినోడు."

కోమలి మొహంలో రంగు పోయింది. "రవికి అన్న ఉన్నాడని నాకెప్పుడూ చెప్పలేదే."

"అన్నకు మాత్రం నీ గురించి చెప్పినాడు. పెండ్లి చేసుకుంటానన్నాడు. నిన్ను నమ్మినాడే, వాడు!"

పిస్తోలు అతని గుండెకు ఎదురుగా లేచింది. అప్పుడే తలుపు చప్పుడైంది.

"గీజర్ పనిచేస్తోందా?" బయటినుంచి ఇంగ్లీషులో ఒక గొంతు.

"పొద్దున మాత్రమే," అంది కోమలి. వరదయ్య నేర్పకముందే ఆమెకు తెలిసిన సమాధానం అది. కోడ్ వర్డ్.

మార్టిన్ లోపలికొచ్చి తలుపు వేశాడు. చూడగానే మరిచిపోయే మొహం. అతని కళ్లు దేవేంద్ర మీద ఆగాయి.

"ఒంటరిగా ఉంటానన్నావు. నువ్వు భర్తతో ఉన్నావని కింద మేనేజర్ చెప్పాడు."

"ఇండియన్ ఏజెంట్. ఇప్పుడే పట్టుకున్నాను. ముందు పని కానివ్వండి."

జడ క్లిప్పు విప్పి, రాయి కింద దాచిన చిప్ తీసి ఇచ్చింది. మార్టిన్ దాన్ని అరచేతిలో పట్టేంత ట్రాన్స్‌మిటర్‌లో పెట్టి, టీవీ ఆన్ చేశాడు. కౌంట్‌డౌన్ ముగిసి, పొగలోంచి రాకెట్ లేస్తోంది. అతని బొటనవేలు బటన్ మీదికి వెళ్లింది.

దేవేంద్ర తాపీగా కుర్చీలో కూర్చుని ఇంగ్లీషులో అన్నాడు.

"చాల్లే కోమలీ, తుపాకి దించు. నొక్కనీ. సిగ్నల్ బయటికి రాగానే మనవాళ్లు వీళ్ల రింగ్ మొత్తాన్ని పట్టేస్తారు."

బొటనవేలు ఆగింది.

"అబద్ధం!" అంది కోమలి. "వీడెవడో నాకు తెలియదు. రూము కోసం భర్త అని ఒప్పుకున్నాను. ఇక్కడ ఒంటరిగా వస్తే రూము ఇవ్వరు."

మార్టిన్ ఆమెను జాలిగా చూశాడు. "డబ్బిస్తానంటే రూము ఇవ్వని హోటల్ ఉందా? ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా?"

బతుకంతా అబద్ధాలాడి గెలిచిన మనిషి, నిజం చెప్పి దొరికిపోయింది. మార్టిన్ రెండో చేతిలోకి తుపాకి వచ్చింది. అది కోమలి నుదుటికి గురి పెట్టి ఉంది.

దేవేంద్ర కదలకుండా కూర్చుంటే చాలు. ఒట్టు దానంతటదే తీరిపోతుంది, చేతికి మరక అంటదు. తమ్ముడి మొహం కళ్ల ముందు మెదిలింది. ఎంత సులభం! ఆ సులభమే అతనికి నచ్చలేదు. ఒక్క క్షణంలో అయిపోయే చావు దీనికి చాలా తక్కువ.

ఎగిరి మార్టిన్ చేతిని తన్నాడు. బుల్లెట్టు టీవీని పగలగొట్టింది. ట్రాన్స్‌మిటర్ నేల మీద పడి, దేవేంద్ర మడమ కింద నుజ్జయింది. ఆ ఊపులో అతని తులసి మాల తెగి, మైక్ ఎటో ఎగిరిపోయింది. కోమలి తేరుకునేలోపు తలుపు విరిగి జ్ఞానాంబ మనుషులు లోపలికి దూకారు. కిటికీ అవతల తూర్పు ఆకాశంలో తెల్లటి గీత పైపైకి పోతోంది, కింద భక్తులు దాన్ని వేళ్లతో చూపిస్తూ గోవిందా అంటున్నారు.

ఇద్దరికీ సంకెళ్లు పడి, మార్టిన్‌ను కిందికి తీసుకుపోయాక కోమలి అడిగింది. "నన్నెందుకు కాపాడావు?"

"నిన్ను ఇండియా ఏజెంటు కాపాడినాడని నీ రింగ్‌కు రేపు తెలుస్తాది. ఇంక లోకంలో యాడికి పోయినా వాళ్లు నిన్ను బతకనియ్యరు. మా జైలొక్కటే నీకు దిక్కు. నా తమ్ముణ్ణి తలుచుకుంటా, మా దయ మీద బతకాల నువ్వు."

"ఇక్కడే కాల్చేయ్," అంది ఆమె. నిజంగానే ఏడుస్తోంది. "నీ కాళ్లు పట్టుకుంటాను."

దేవేంద్ర ఆ ఏడుపును చివరిదాకా చూశాడు. అతని కడుపు కొంచెం చల్లబడింది. జీపు ఎక్కకముందే కోడ్ అమ్మినవాడి పేరు ఆమె నోటినుంచి వచ్చేసింది.

ఫోన్ మోగింది. జ్ఞానాంబ గొంతులో ఆదుర్దా.

"ఆమెను ఏమీ సెయ్యలేదు గదా దేవేంద్రా?"

"ఏమీ సెయ్యలేదు మేడమ్. నిండా నూరేండ్లు బతకమని దీవించి పంపించినాను."