మా ఆయన పక్క చోటు

మా పశువులపాకలో పశువులు లేవు. మా ఆయన గడ్డి మిషను ఉంది. ఆవుని అమ్మేసిన ఏడాదే దాన్ని కొన్నాడు. ఇంజను ఒకటే, తలలు నాలుగు. గోడకి మేకులు కొట్టి ఆ తలలన్నీ వరసగా వేలాడదీశాడు. చెట్టుకొమ్మలకి పొడుగు రంపం, కంచెకి పళ్ళ కత్తెర, మొండి గడ్డికి ఇనుప బ్లేడు, రాళ్ళ పక్కన సున్నితంగా కోయడానికి నైలాను తీగ. కాడ మధ్యలో బిగింపు వదులుచేసి, ఒక తల లాగేసి ఇంకోటి దోపితే ‘టక్’ మనాలి. ఆ టక్ వినపడందే ఇంజను ముట్టుకోనిచ్చేవాడు కాదు.

పని అయ్యాక దానికి జరిగే సేవ చూడాలి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు వంచేసేవాడు. లోపలున్న చివరి చుక్క కూడా కాలిపోయి ఇంజను తనంతట తాను ఆగేదాకా దాని పక్కనే కూర్చునేవాడు. పాత పెట్రోలు నిలవుంటే కార్బురేటరు జిగురుకడుతుందట. ఎయిర్ ఫిల్టరు సబ్బునీళ్ళతో కడిగి ఆరేసేవాడు, గేర్ల పెట్టెలో గ్రీజు నింపేవాడు. నాకు జ్వరమొస్తే మాత్రం “మాత్ర వేసుకుని పడుకోవే జొమ్‌రే” అని తన దారిన తను పోయేవాడు.

ఒక చలికాలం కాలేయం చెడి మంచం పట్టాడు. అప్పుడు మొదలయింది నాకు చదువు. పడుకున్నచోటి నుంచే చెప్పేవాడు, నేను వాకిట్లో చేసేదాన్ని. పాతిక పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు టూటీ ఆయిల్. చోక్ ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు తియ్యాలి. బ్లేడు పూర్తిగా ఆగకుండా చెయ్యి పెడితే ఏమవుతుంది. ఓసారి తాడు లాగీ లాగీ విసుగొచ్చి, “ఈ వయసులో నాకెందుకయ్యా ఈ విద్య?” అని అరిచాను.

“నా మీద గడ్డి ఎవరు కోస్తారే మరి?” అన్నాడు.

ఆ రాత్రే నా చెయ్యి పట్టుకుని అడిగాడు. “నన్ను కాల్చొద్దు. కొండమీద మావాళ్ళ దగ్గర, ఎండ తగిలేచోట పెట్టు. ఎడంపక్కన నీకు చోటు ఉంచుతాను. తొందరేం లేదు, నెమ్మదిగా రా.” మంచు కరగకముందే పోయాడు. చెప్పినట్టే పెట్టించాను. మా వైపు భార్యది భర్తకి ఎడంపక్క. ఆ పక్కన నాకు సరిపడా నేల ఖాళీగా వదిలారు. అది చూసినప్పుడల్లా నాకు కాస్త నిబ్బరంగా ఉండేది.

ఆ ఏడు వేసవి ఆఖర్లో మరిది దాల్‌హో పట్నం నుంచి ఫోన్ చేశాడు.

“వదినా, అన్నయ్యే లేడు. ఇంక కొండెక్కి ఎవరు కోస్తారు చెప్పండి? నా నడుం సంగతి మీకు తెలుసు. మావాడికి గడ్డికీ ఉల్లికాడకీ తేడా తెలీదు. అందర్నీ తవ్వించి, దహనం చేయించి, బూడిద ఇక్కడ అస్థికలు దాచే భవనంలో ఒక గూట్లో పెట్టేద్దాం. ఏసీ కూడా ఉంటుంది.”

“మీ అన్నయ్యకి ఏసీ పడదు. జలుబు చేస్తుంది.”

“చచ్చిపోయినవాడికి జలుబేంటి వదినా!”

“చచ్చిపోయినవాడికి ఏసీ ఏంటి మరి?”

మరిది గొంతు తగ్గించి అన్నాడు. “గడ్డి పెరిగిపోయి అడవైతే ఊరంతా మనల్నే అంటుంది. అంతకంటే ఇదే మర్యాద. ఆలోచించండి.”

“నేను కోస్తాను.”

“మీరా?” అని నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? పంటల పండగ ఛూసోక్‌కి ముందు సమాధుల మీద గడ్డి కోయడం మావైపు మగాళ్ళ పని. ఆడాళ్ళం కింద వంటలు చేస్తాం, అంతా అయ్యాక వచ్చి మొక్కుతాం. చివరికి ఒప్పందం కుదిరింది. ఆదివారం సాయంత్రం తను వచ్చి చూస్తాడు. అన్ని సమాధులూ శుభ్రంగా ఉంటే తవ్వే మాట ఇంకెప్పుడూ ఎత్తడు. ఒక్కటి మిగిలినా, పండగ వెళ్ళగానే తవ్వించేస్తాడు.

ఆదివారం తెల్లవారుతూనే భుజాన మిషను పట్టీ తగిలించుకుని కొండెక్కాను. ఒకటే పొగమంచు. పైన్ చెట్ల మొదళ్ళు కనిపిస్తున్నాయి, తలలు కనిపించడం లేదు. తడి మట్టి వాసన, కుళ్ళిన పుట్టగొడుగుల వాసన. పక్షి కూత కూడా లేదు.

పెద్దవాళ్ళతో మొదలుపెట్టి కిందికి రావాలి, ఆఖరున మా ఆయన. అందుకని ముందు పైకి పోయాను. దారికి అడ్డం పడ్డ కొమ్మలు రంపంతో కోసి, తల మార్చి బ్లేడు పెట్టాను. నా ఎత్తున గడ్డి. దాని మధ్యలో చిన్న మట్టిదిబ్బ. మా ముత్తాత సమాధే అనుకున్నాను. చేతులు బొబ్బలెక్కేదాకా కోసి, తీగ తల పెట్టి దిబ్బ చుట్టూ నున్నగా చేశాను. కాగితం గ్లాసులో మక్కోల్లి, అదే మా బియ్యం కల్లు, పోసి, ఎండు చేప పెట్టి, రెండుసార్లు మొక్కాను. లేచి చూస్తే, పలచబడ్డ మంచులోంచి అల్లంత దూరాన, ఎడంగా, మా ముత్తాత శిలాఫలకం కనబడింది.

నేను కోసింది మాది కాదు!

మగాళ్ళకి కూడా ఒక్కోసారి జరిగే పొరపాటే ఇది. కింద కూర్చుని తాగుతూ ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుకుంటారు. నాకు నవ్వు రాలేదు. సగం పెట్రోలు అక్కడే అయిపోయింది. పైగా దిబ్బకి రాయి లేదు, పేరు లేదు. పెళ్ళి కాకుండా పోయిన ఆడపిల్లల్ని వెనకటికి ఆ పైన పెట్టేవారని మా అత్తగారు అనేది. వాళ్ళకి పిల్లలుండరు, గడ్డి కోసేవాళ్ళుండరు. ఎన్నేళ్ళయిందో ఆ పిల్లని ఎవరైనా పలకరించి! ఆ మధ్య ఒంటరితనమంటే ఏంటో నాకు బాగానే తెలిసొచ్చింది.

“పోన్లే తల్లీ, అయిందేదో అయింది,” అన్నాను దిబ్బ మీద చెయ్యి వేసి. “ఎవరూ లేరని బాధపడకు. ఇవాళ్టి నుంచి నువ్వూ మా ఇంటిదానివే అనుకో. కింద మా ఆయన కూడా ఒక్కడే ఉన్నాడు. నేను వచ్చేదాకా తోడుండు.”

మాట నోరుజారితే వెనక్కి తీసుకోలేం. నేను వెనక్కి తీసుకోవాలని కూడా అనుకోలేదు అప్పుడు.

మిగతావి కోస్తూ కిందికి వచ్చేసరికి పొద్దు వాలింది. మా ఆయన దిబ్బ ముందు నిలబడి బ్లేడు ఆనించానో లేదో, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ట్యాంకు విప్పి చూశాను. చుక్క లేదు. తెచ్చిన డబ్బా కూడా ఖాళీ. మిషను అక్కడే, ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, డబ్బా పట్టుకుని కిందికి పరిగెత్తాను. అన్నీ కోసి ఆయనదొక్కటే మిగిలిపోతే ఎలా? పాకలో పెట్రోలూ ఆయిలూ కలుపుతూ తొందరలో సగం నేలపాలు చేశాను.

అప్పుడు వినబడింది.

కొండమీద ఇంజను.

మా ఇంజనే. పికప్ తగ్గించినప్పుడు మధ్యలో ఒక ఎక్కిలి ఉంటుంది దానికి, ఎక్కడున్నా గుర్తుపడతాను. దాల్‌హో ముందే వచ్చేశాడనుకున్నాను. నడుం నొప్పని ఎంత చెప్పినా, అన్నయ్య మీద ప్రేమ ఎక్కడికి పోతుంది? కళ్ళు తుడుచుకుంటూ ఎక్కడం మొదలుపెట్టాను. సగం దారిలో చెట్ల సందులోంచి కింద రోడ్డు కనిపిస్తుంది. వంతెన దగ్గర దాల్‌హో నీలం ట్రక్కు అప్పుడే మలుపు తిరుగుతోంది.

పైన ఇంజను మోగుతూనే ఉంది.

నిలబడిపోయాను. డబ్బా నా చేతిలో ఉంది. ట్యాంకులో చుక్క లేదు. మరి అది… దేనితో నడుస్తోంది?

పొగమంచు మళ్ళీ దిగింది. కాలిన ఆయిలు వాసన, పచ్చి గడ్డి వాసన. ఒక్కో అడుగూ వేస్తున్నాను. శబ్దం దగ్గరయింది… ఇంకా దగ్గరయింది… నేను గట్టెక్కగానే ఆగిపోయింది. నెమ్మదిగా, చివరి చుక్క దాకా కాలి, తనంతట తాను ఆగినట్టు.

ఎవరూ లేరు.

మిషను నేను పెట్టినచోటే ఉంది. సైలెన్సరు మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. బావిలో రాయంత చల్లగా. కాని మా ఆయన దిబ్బ నున్నగా కోసి ఉంది. నేను కూడా అంత బాగా కోయలేను.

కూలబడి ఏడ్చాను. “నువ్వేనా?” అన్నాను. “నాకోసం లేచి వచ్చావా?”

ఏడుస్తూనే కోసిన గడ్డి చూశాను. అది కుడివైపుకి పడి ఉంది. ఈ మిషను బ్లేడు ఒకవైపే తిరుగుతుంది, గడ్డి ఎప్పుడూ ఎడమకే పడుతుంది. ఆయన కోసినా అంతే, నేను కోసినా అంతే, ఎవరు కోసినా అంతే. ఇది మాత్రం వరసలు వరసలుగా కుడికి పడుంది. చనిపోయినవాళ్ళకి బట్టలు మనం కట్టుకునే వైపు కాకుండా రెండో వైపుకి మడిచి కడతాం. అది గుర్తొచ్చింది. అయితే ఆయనే అనుకుని ఇంకా గట్టిగా ఏడ్చాను. భయం కూడా వేయలేదు.

అప్పుడు నా వెనక… చాలా దగ్గరగా…

“అక్కా.”

ఆడగొంతు. చిన్నపిల్ల గొంతు.

“అలిసిపోయావు. నువ్వు కూర్చో అక్కా… నేను చూసుకుంటాగా.”

తిరిగి చూడలేదు. మెడ తిరగలేదు. చెవి పక్కన ఊపిరి తగులుతోంది, తడి మట్టి వాసన. ఎంతసేపయిందో తెలీదు. కిందనుంచి దాల్‌హో కేక వినబడింది. “వదినా! వదినా, ఎక్కడున్నారు?”

వాడు పైకొచ్చేసరికి మంచు తేలిపోయింది. అన్ని దిబ్బలూ చూసుకుంటూ వచ్చాడు. అన్నయ్య ముందు టోపీ తీశాడు, కళ్ళనిండా నీళ్ళు.

“నన్ను తిట్టండి వదినా. తవ్విస్తానన్న నోటిని నాలుగు వాయించండి. ఎంత బాగా కోశారు! ఇంక ఆ మాట ఎత్తితే ఒట్టు.” మొక్కడానికి వంగి, ఆగిపోయాడు. “వదినా… అన్నయ్య పక్కన ఇదెవరిది?”

అప్పుడు చూశాను.

ఆయనకి ఎడంపక్కన, నాకోసం వదిలిన చోట, చిన్న మట్టిదిబ్బ. కొత్తది కాదు. గడ్డి వేళ్ళు లోతుగా దిగి, వానలకి అంచులు అరిగి, ఏళ్ళనాటిది. చుట్టూ నైలాను తీగతో నున్నగా చేసి ఉంది. పొద్దున్న అలా చేసింది నేనే.

ఇద్దరం పైకి పరిగెత్తాం. నేను పొద్దున్న కోసినచోట దిబ్బ లేదు. నేల చదునుగా ఉంది. నేను పెట్టిన కాగితం గ్లాసు మాత్రం అలాగే నిలబడి ఉంది, ఖాళీగా.

జరిగింది చెప్పాను. దాల్‌హో మొహం పాలిపోయింది. “ఇంక ఆలోచించేదేం లేదు,” అన్నాడు గుసగుసగా. “రేపే మనుషుల్ని పిలుస్తాను. అంతా తవ్వించేద్దాం. కాల్చేద్దాం.”

“ఎవర్ని?”

“ఆ దాన్ని!”

“దాన్ని తవ్వితే రేపు మీ అన్నయ్యకి ఇంకోపక్కన లేస్తుంది. ఆయన్ని అక్కణ్ణించి తీసి కాలిస్తే తప్ప అది వదలదు. ఆయన నా చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే దాల్‌హో. కాల్చొద్దని.”

“మరి మీ చోటు వదినా?”

వాడు నన్ను చెయ్యి పట్టుకుని కిందికి దింపాడు. ఆ తర్వాత కొండకి మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తాడు, బాగున్నారా అంటాడు, ఆ సంగతి మాత్రం అడగడు.

నేను ఏటా వెళ్తున్నాను. తలలన్నీ నూనె పెట్టి, ప్లగ్గు శుభ్రం చేసి, పెట్రోలు రెండు డబ్బాలు పట్టుకెళ్తాను. రెండు దిబ్బలూ కోస్తాను. ఆ పిల్లదాన్ని వదిలేసి ఆయనదొక్కటే కోయొచ్చు, చెయ్యి రాదు. కుళ్ళు లేదంటే అబద్ధం. నలభై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, గట్టుమీద కూర్చుని వాళ్ళిద్దర్నీ చూస్తూ నా చల్లన్నం నేను తింటాను. ఎన్నోసార్లు తిట్టాను కూడా. “లేవవే, అది నా చోటు,” అని. గాలి తప్ప ఏమీ పలకదు. ఆయన కూడా పలకడు. ఆ పిల్ల ఎప్పుడో పలికింది, ఆయన ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు. నాకు ఏడుపొచ్చేది దానికే.

ఈ ఏడు వర్షాలు ఎక్కువ. నిన్న కొండెక్కాను. ఆయనకి కుడిపక్కన, ఎప్పుడూ ముళ్ళపొదలు ఉండేచోట, పొదలు లేవు. ఒక మనిషి పట్టేంత మేర ఎవరో శుభ్రం చేసి, మట్టి తవ్వి, గుల్లగా చేసి, రాళ్ళు కూడా ఏరేశారు. చుట్టూ నేలంతా బురద, ఆ మట్టి మాత్రం పొడిగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను. అప్పుడే ఎవరో లేచి వెళ్ళిన పరుపులా వెచ్చగా ఉంది.

మిషను పక్కన పెట్టి, ఒక్కసారి అందులో పడుకున్నాను.

తలకీ కాళ్ళకీ సరిగ్గా సరిపోయింది.