టోపీలావిడ ఇంట్లో సూపర్వైజరు

"నా సూదులెక్కడ?"

కాఫీ గ్లాసుతో ముందుగదిలో అడుగు పెడుతూనే ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. సూదులు గుచ్చి ఉంచే చిన్న దిండు బల్ల మీద లేదు. కిటికీ గూట్లో ఉండే రిబ్బన్ల బుట్టా లేదు. వాటికి బదులు పాత బిస్కెట్ డబ్బాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కో డబ్బా మీద అట్టముక్క అతికించి, గుండ్రటి అక్షరాలతో పేర్లు రాసి ఉన్నాయి: సన్న రిబ్బన్లు, వెడల్పు రిబ్బన్లు, పెద్ద ఈకలు, చిన్న ఈకలు, ఇతరములు.

"సూదులు ఇతరముల్లో ఉన్నాయి చూడు" అన్నాడు వెనక నుంచి భర్త. స్నానం చేసి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఆఫీసుకి బయల్దేరేవాడిలా నిలబడ్డాడు.

"నా కత్తెర?"

"అదీ ఇతరముల్లోనే."

"నేను రోజూ వాడేవన్నీ ఇతరములేనా అండీ?"

"ముందు ఒక పద్ధతంటూ ఉండాలి కదా. మెల్లిగా అలవాటవుతుంది."

ఆమె కాఫీ గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టింది. వెంటనే ఆయన దాని కింద ఒక కాగితం ముక్క దూర్చాడు.

వీధిలో అందరూ ఆమెను టోపీలావిడ అంటారు. అమ్మమ్మల కాలంలో ఆడవాళ్లు పెట్టుకున్న రకం టోపీలు ఇంట్లోనే కుట్టి ఇస్తుంది. తలకి అతుక్కున్నట్టుండే చిన్న టోపీలు, గొడుగంత అంచున్న పెద్ద టోపీలు, కళ్ల దాకా సన్నటి వల జారేవి. నాటకాల వాళ్లు, పెళ్లికూతుళ్లు, పాతకాలపు అందమంటే ప్రాణం పెట్టేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. "ఊరందరికీ టోపీ పెట్టి కూడా మంచిపేరు తెచ్చుకున్నది మా అమ్మొక్కతే" అని కూతురు నవ్విస్తూ ఉంటుంది.

ఆయన అచ్చుయంత్రాల దగ్గర సూపర్వైజరుగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాడు. మొదట్లో కంటినిండా నిద్రపోయాడు. తర్వాత ఇంట్లో కారే కొళాయిలన్నీ బాగుచేశాడు. కిర్రుమనే తలుపులకి నూనె వేశాడు. కారేవీ కిర్రుమనేవీ అయిపోయాక ఆయన చూపు ముందుగది మీద పడింది. అప్పట్నుంచి ఆమెకి మనశ్శాంతి లేదు. టోపీ మెత్తబడేందుకు ఆవిరి పడుతుంటే పక్కన నిలబడి కెటిల్ అంత ఎత్తున ఎందుకు పట్టుకోవాలంటాడు. కుట్టు వేస్తుంటే అవతలి వైపు నుంచి మొదలుపెడితే తొందరగా అవుతుందంటాడు.

"అన్నట్టు, ఆ పెళ్లికూతురు ఫోన్ చేసింది" అన్నాడు ఆయన ఆ పొద్దున. "ఎల్లుండికి ఇచ్చేస్తామని చెప్పాను."

"ఎవర్నడిగి చెప్పారు?"

"టోపీ అయిపోయింది కదా!"

"అచ్చు మీద ఆకారం మాత్రమే వచ్చింది. లోపలి గుడ్డ వెయ్యాలి, అంచు కుట్టాలి, పూలు చెయ్యాలి. పువ్వు చెయ్యడం అంటే మీ యంత్రంలో మీట నొక్కడం కాదండీ."

"అందుకే అంటున్నా, పూలన్నీ ఒకేసారి చేసి పెట్టుకుంటే..."

ఆమె ఇతరముల డబ్బా బోర్లించి సూదులు ఏరుకుంది.

అదే రోజు సంగీతం టీచరు వచ్చింది. జుట్టు సగం నెరిసిన మనిషి. సంచీలోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన టోపీ ఒకటి తీసి, పసిపిల్లని అందించినట్టు రెండు చేతులతో అందించింది. ఉన్నిని అణిచి చేసే ఫెల్ట్ గుడ్డతో చేసిన పాత టోపీ. ముదురు ద్రాక్షరంగు. అంచు ఒకపక్క వంగిపోయింది, వెనక పురుగు కొట్టిన చిల్లు ఉంది.

"మా అమ్మదండీ. నేనెక్కడ పాడినా ఇది పెట్టుకుని ముందు వరసలో కూర్చునేది. అమ్మ పోయాక నేను మళ్లీ పాడలేదు. ఈ ఆదివారం స్కూలు పిల్లలతో కలిసి పాడుతున్నా. ఇది పెట్టుకుని పాడాలని ఉంది."

"అంచు సరిచేస్తాను, చిల్లు కనపడకుండా కుడతాను. లోపల మరకలున్నాయి..."

"వద్దు వద్దు, శుభ్రం మాత్రం చెయ్యకండి." టీచరు టోపీని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇంకా అమ్మ తల వాసన ఉంది ఇందులో."

టోపీలావిడ తలూపింది. ఆ టోపీకి టీచరు అడ్రసు రాసిన చీటీ గుచ్చి, అన్నిటికీ దూరంగా, కిటికీ పక్కనున్న చెక్క తల మీద, టోపీలకి ఆకారం తెచ్చే దిమ్మ మీద పెట్టింది. వంటింట్లో ఉన్న భర్త "ఎవరొచ్చారు?" అని అడిగితే "ఎవరో" అంది. ఈమధ్య ఆయనకి ఏ సంగతీ చెప్పడం మానేసింది. ఒకటి చెబితే పది సలహాలు వస్తాయని ఆమె భయం.

మర్నాడు దారం రంగు కుదరక బజారుకి వెళ్లింది. నాలుగు దుకాణాలు తిరిగితే గాని ఆ ద్రాక్షరంగు దొరకలేదు. తిరిగొచ్చి తలుపు తీసేసరికి ఇల్లంతా సబ్బు వాసన. వంటింట్లో పొయ్యి పక్కన, వేడి తగిలేలా, బోర్లించిన గిన్నె మీద ఏదో ఆరబెట్టి ఉంది. చిన్నపిల్లల బొమ్మకి పెట్టేంత టోపీ. మందంగా, గట్టిగా, ముడుచుకుపోయి ఉంది. ముదురు ద్రాక్షరంగు.

ఆమె చేతిలోని సంచీ జారిపోయింది.

"బాగా మురికి పట్టి ఉందోయ్" అన్నాడు ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. గొంతులో బెరుకు అప్పటికే తెలుస్తోంది. "నీకు ఒక పని తగ్గుతుందని వేణ్నీళ్లలో పెట్టి, సబ్బేసి రుద్దాను. ఆరితే మళ్లీ సాగుతుందేమో... కాస్త కుంచించుకుపోయినట్టుంది."

"కాస్తా?" అంది ఆమె. "అది ఆవిడ తల్లి టోపీ అండీ. ఆ తల్లి లేదు. తల వాసన ఉంది, కడగొద్దని చేతులు పట్టుకున్నంత పని చేసింది. కొండ నాలుకకి మందేసి ఉన్న నాలుక ఊడగొట్టారు కదండీ!"

"నాకు తెలీదు. నువ్వు చెప్పలేదు..."

"ఎందుకు చెప్పాలి? నా గది, నా పని! ఇన్నేళ్లూ మీ యంత్రాల దగ్గరకొచ్చి నేనెప్పుడైనా మీట నొక్కానా? పొద్దున లేస్తే మీరు, పడుకునేదాకా మీరు. నా సూది నేను వెతుక్కోవాలి, నా కత్తెర మిమ్మల్ని అడుక్కోవాలి. మీరు ఇంట్లో లేనప్పుడే నాకంటూ ఒక ఇల్లు ఉండేది!"

అప్పుడే భోజనానికి ఇంటికొచ్చిన కూతురు గుమ్మంలో ఆగిపోయింది. ఆ వీధి చివరే కళ్లజోళ్ల దుకాణంలో ఆమె ఉద్యోగం.

ఆయన తువ్వాలు మడతపెట్టి కుర్చీ మీద వేశాడు. గిన్నె మీది టోపీని ఒకసారి ముట్టుకున్నాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

"అమ్మా, ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది" అంది కూతురు.

"నువ్వూ మీ నాన్న పక్షమే."

"ఎవరి పక్షమూ కాదు. నాన్న చేసింది తప్పే. కానీ ఆ టోపీ సంగతి నాన్నకి ఒక్క ముక్క చెప్పి ఉంటే..."

"చెబితే ఊరుకుంటారా? ఆ వాసన ఎన్నాళ్లుంటుందో లెక్కలు చెబుతారు!"

ఆ మాటకి కూతురికి నవ్వొచ్చింది. తల్లికి మాత్రం ఏడుపొచ్చింది. ముడుచుకున్న టోపీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ టీచరు మొహం ఎలా చూడాలి? ఫోన్ చెయ్యాలని తీసి, మళ్లీ పెట్టేసింది.

ఇద్దరూ భోజనం మాట మరిచిపోయి కూర్చుని ఉండగా, ఫోన్ దానంతటదే మోగింది. సంగీతం టీచరు.

"మీ ఆయన వచ్చారు" అంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "మీరు టోపీకి గుచ్చిన చీటీ మీద మా అడ్రసుందట, చూసుకుని వచ్చారు."

టోపీలావిడ లేచి నిలబడింది. "అమ్మా, నేనే చెబుదామని..."

"నోటికొచ్చినట్టల్లా తిట్టానండీ. మామూలుగా నేను అలా మాట్లాడే మనిషిని కాను. ఆయన తలొంచుకుని అన్నీ పడ్డారు. ఒక్కటే అన్నారు. 'మా ఆవిడ చెయ్యి పడలేదమ్మా దాని మీద. పడి ఉంటే ఇలా అయ్యేది కాదు. ఆవిడ పనితనాన్ని ఏమీ అనకండి. ఇంట్లో తోచక అడ్డం పడింది నేను' అని."

టోపీలావిడ ముడుచుకున్న టోపీ అంచుని వేళ్లతో లాగి చూసింది.

"వాసన ఎలాగూ రాదు" అంది టీచరు. "ఆకారమైనా వస్తుందా?"

"ప్రయత్నిస్తానమ్మా. మాటివ్వలేను. ప్రయత్నిస్తాను."

ఫోన్ పెట్టేసి, ఆయన్ని వెతకడానికి మేడ దిగింది. ఆయన మేడమెట్ల మీద, కింది నుంచి మూడో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఇంటి దాకా వచ్చి పైకి ఎక్కలేదు.

"ఇక్కడెందుకు కూర్చున్నారు?"

"పైకొస్తే మళ్లీ అడ్డమేమోనని."

ఆమె పక్కన కూర్చుంది. మెట్టు ఇరుకు. భుజాలు తగిలాయి.

"అక్కడ నేను ఒక్క పూట వెళ్లకపోతే ఫోన్ల మీద ఫోన్లొచ్చేవి" అన్నాడు ఆయన వీధి వైపు చూస్తూ. "ఇప్పుడు ఏ యంత్రం ఆగినా నన్నెవరూ పిలవరు. ఇంట్లో చూస్తే నీకు క్షణం తీరికుండదు. ఆ చెక్క తలలకి కూడా తలా ఒక టోపీ ఉంది. నాకే ఏమీ లేదు. ఏదో ఒకటి సర్దితే నేనూ పనిలో ఉన్నట్టుంటుందని... అంతేనోయ్. నీ గది లాక్కోవాలని కాదు."

రెండు నెలలుగా ఆమె లోపల కుతకుతలాడుతున్న కోపం ఆ మాటలతో చల్లారిందని చెప్పలేం. చిరాకు ఇంకా ఉంది. కానీ దాని కింద ఇంకేదో కదిలింది. ఈ మనిషి పొద్దున్నే గుండీలన్నీ పెట్టుకుని ఎక్కడికి తయారవుతున్నాడో ఆమె ఒక్కసారైనా అడగలేదు. ఆయన రోజూ బయల్దేరుతూనే ఉన్నాడు. వెళ్లడానికి చోటే లేదు.

"నేనన్న మాట..." అంది.

"నిజమే కదా."

"నిజమే. అయినా అనకూడదు." చెంగుతో కళ్లు తుడుచుకుంది. "లేవండి. ఆవిరి పట్టి ఆ టోపీ లాగాలి. ఒక్కదాని వల్ల కాదు. నేను చెప్పినప్పుడే లాగాలి, ఆపమన్నప్పుడు ఆపాలి. సలహాలు చెప్పకూడదు."

"చెప్పను."

చెప్పకుండా ఉండటం కష్టమే అయింది. రెండు సార్లు నోరు తెరిచాడు. ఆమె చూసిన చూపుకి రెండు సార్లూ మూసుకున్నాడు. కెటిల్ మూతి నుంచి ఆవిరి వస్తుంటే ఆమె టోపీని తిప్పుతూ పట్టింది. మెత్తబడగానే చిన్న చెక్క తల మీదికి దించి, చెరోవైపు పట్టుకుని లాగారు. మళ్లీ ఆవిరి, మళ్లీ లాగడం, కాస్త పెద్ద చెక్క తల. ఆయన వేళ్లు బలమైనవి. యంత్రాల దగ్గర అరిగిన వేళ్లు. "నెమ్మది, చిరుగుతుంది" అంటే గాలి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఆ సాయంత్రం, మర్నాడంతా అదే పని. తల పట్టే భాగం సరిపడా వచ్చేసరికి అంచు సగానికి సగం తగ్గిపోయింది. ఆమె తర్వాత అదే రంగులో వెడల్పు రిబ్బను తీసి, మడతలు పెట్టి, తగ్గిన అంచుకి కొత్త అంచు కుట్టింది.

ఆదివారం టీచరు వచ్చింది. టోపీని ముందు ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. తెరిచింది. అద్దం ముందు నిలబడి తల మీద పెట్టుకుంది. సరిగ్గా పట్టింది.

"ఇది అమ్మ టోపీ కాదు" అంది.

ఆయన తల దించుకున్నాడు. 

టీచరు కొత్త అంచుని వేలితో తడిమింది. ఒకపక్కకి కొద్దిగా వంచింది. "అమ్మ ఇలా వంచి పెట్టుకునేది" అంది.  "క్షమించానని చెప్పలేనండీ ఇప్పుడే. కానీ పాడతాను. ఇది పెట్టుకునే పాడతాను. మీరిద్దరూ రండి. ముందు వరసలో ఖాళీ ఉంటుంది."

వెళ్లారు. ఆయన పాట అయ్యేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. "మీరెందుకండీ ఏడుస్తున్నారు?" అంటే, "పాట బాగుంది" అన్నాడు. బాగుందో లేదో ఆమెకి తెలియలేదు. కళ్లు నిండి ఆమెకీ ఏమీ కనపడలేదు.

ఇంటికొస్తూ ఆమె అంది. "పొద్దున కాసేపు ఆ గదిలో నన్ను ఒంటరిగా వదిలెయ్యండి. ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటే గాని నాకు చెయ్యి ఆడదు. ఆ తర్వాత రండి. ఆవిరికీ లాగడానికీ నాకు మనిషి కావాలి."

ఆయన కాసేపు నడిచాడు. "తలుపు కొట్టి రానా?"

"కొట్టే రండి."

మర్నాడు పొద్దున, కూతురు ఉద్యోగానికి వెళ్లాక, ఆమె తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. పెళ్లికూతురిని ఇంకో వారం గడువు అడిగి, ఆ టోపీకి పూలు మొదలుపెట్టింది. మొదటి పువ్వు కుదిరింది. రెండోదీ కుదిరింది. మూడో పువ్వు సగంలో ఉండగా, తన చెయ్యి ఆగిపోయి చాలాసేపయిందని ఆమెకి తెలిసింది. చెవి తలుపు వైపే ఉంది.

టక్ టక్.

"ఎవరూ?" అంది, ఇంట్లో ఇద్దరే ఉన్నారని తెలిసీ.

"నేనేనోయ్. రావచ్చా?"

"రండి" అనబోయింది.  చేతిలో పువ్వు అలాగే పట్టుకుని, లేచి వెళ్లి తనే తలుపు తీసింది.