ఆదాయం లేని ప్రేమకథ

“ఈ నవల్లో డబ్బంతా ఏమైందండీ?”

తలుపు తట్టకుండా లోపలికొచ్చి, ప్రూఫుల కట్ట టేబుల్ మీద పెట్టి ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న అది. ఎడిటర్ తలెత్తి చూశాడు. ఫోన్లో మాట్లాడడమే తప్ప ఆమెను చూడడం అదే మొదటిసారి.

ఆ ప్రచురణ సంస్థలో అతన్ని అందరూ కత్తెర అంటారు. ఎంత లావు పుస్తకమైనా అతని టేబుల్ దాటేసరికి సగానికి సగం చిక్కిపోతుంది. ఆమె అనువాదకురాలు. పాతకాలపు ఇంగ్లీషు ప్రేమ నవల ఒకటి కాలేజీ పిల్లల కోసం తెలుగు చేసి ఇచ్చింది. ప్రూఫుల్లో చూసుకుంటే పెళ్లికొడుకు ఏడాది ఆదాయం, మగ వారసుడికే పోయే తండ్రి ఆస్తి, పెళ్లికాని అక్కచెల్లెళ్ల గతి, అన్నీ ఎగిరిపోయాయి. చూపులు, షికార్లు, వాన మాత్రం మిగిలాయి.

చదివేది కుర్రకారు, వాళ్లకు కావలసింది ప్రేమే కాని లెక్కలు కాదని కత్తెర సర్దిచెప్పబోయాడు.

“ఈ కథలో పిల్ల డబ్బున్నవాణ్ణి కాదంటుంది,” అందామె. “ఉద్యోగం చెయ్యకూడదు, ఆస్తి రాదు. బతకడానికి ఆమెకున్న దారల్లా పెళ్లి ఒక్కటే. దాన్ని వద్దంది. ఏం వదులుకుందో చెప్పకపోతే, ఏదో అలిగి వెళ్లిపోయినట్టుంటుంది.”

కత్తెర ఆ పేజీ మళ్లీ చదివాడు. నిజంగానే అలిగి వెళ్లిపోయినట్టుంది.

“కూర్చోండి,” అన్నాడు. “ఎక్కడెక్కడ తిరిగి పెట్టాలో చూద్దాం.”

అలా రోజూ సాయంత్రం ఆమె ఆఫీసుకు రావడం మొదలైంది. ఒక పేరా వెనక్కి తెచ్చుకోవాలంటే ఇంకో పేరా వదులుకోవాలని అతను బేరం పెట్టాడు. ఆమె సరేనని, వదులుకున్నదాన్ని పేజీ అడుగున ఫుట్‌నోట్‌గా దూర్చేసేది. అతనది కనిపెట్టి ఆమెకు ఫుట్‌నోట్ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఆఫీసంతా పాకింది. ఆమె కోపం నటించింది కాని, ఎవరైనా అలా పిలిస్తే పలికేది.

పెద్ద తగువు ఒక చిన్న పాత్ర దగ్గర వచ్చింది. వయసు మీరిన ఒకామె, ఏ ప్రేమా లేకుండా, ఇల్లున్న ఓడల వ్యాపారిని చేసుకుంటుంది. ఇంటిని చూసి మనిషిని చేసుకోవడమేమిటని కత్తెర విసుక్కున్నాడు. ప్రేమ కాదు, అలాగని తప్పూ కాదు, ముసలితనంలో ఆమెను ఎవరు చూస్తారని ఫుట్‌నోట్ అడిగింది. కత్తెర ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. బస్‌స్టాపు రేకు కింద ఇద్దరూ నిలబడ్డారు. రేకు చిన్నది, అందువల్ల భుజాలు తగిలాయి. ఇద్దరిలో ఎవరూ జరగలేదు. కత్తెర ఏదో చెప్పబోయి గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది.

చేసింది మేనత్త. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే ఆమెను పెంచింది ఆవిడే. ఆవిడది ప్రేమపెళ్లి. ఆ ఇంట్లో ప్రేమకు లోటు లేదు కాని మందులకు డబ్బు చాలక భర్త పోయాడు. అందుకే మేనకోడలికి కలిగినింటి సంబంధం చూస్తోంది. ఇప్పుడొకటి కుదిరేలా ఉంది. అబ్బాయికి కోల్డ్ స్టోరేజీ ఉంది, మూడంతస్తుల మేడ ఉంది.

ఫుట్‌నోట్ ఆ సంగతి తేలిగ్గా చెబుతూ అతని మొహం వంక చూసింది. కత్తెరకు ఆలస్యంగా వచ్చే తన జీతం గుర్తొచ్చింది. ఓడల వ్యాపారీ గుర్తొచ్చాడు.

“మంచి సంబంధం,” అన్నాడు. “ఒప్పుకోండి.”

బస్సు రాకముందే ఆమె వానలోకి నడిచి వెళ్లిపోయింది.

మర్నాటినుంచి ఆఫీసుకు రాలేదు. మిగిలిన సవరణలన్నీ మెయిల్లో, “గౌరవనీయులైన ఎడిటర్ గారికి” అంటూ వచ్చాయి. ఒక్క ఫుట్‌నోటూ లేదు. ఆ నెలలో కత్తెర చేతికొచ్చిన ఒక లావుపాటి జీవితచరిత్ర లావుగానే ప్రెస్సుకు వెళ్లింది. ఒంట్లో బాగాలేదా అని ఓనరే వచ్చి అడిగాడు.

పుస్తకం అచ్చయ్యాక తన కాపీల కోసం ఆమె వచ్చింది. ఈసారి తలుపు తట్టింది.

“ఎందుకు ఒప్పుకోమన్నారు?”

“ఇల్లు చూసి చేసుకోవడం తప్పు కాదని మీరే అన్నారు కదా.”

“అది ఇంకో దారి లేనామె సంగతి. నాకు పనుంది. నా తిండి నేను తింటున్నాను. ఇంటి కోసం నాకు మొగుడక్కర్లేదు. మరి దేనికని అడగరే?”

“దేనికి?”

“సాయంత్రాలు పోట్లాడుకోవడానికి.”

కత్తెర కుర్చీలోంచి లేచాడు, ఎందుకు లేచాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు. తన జీతమెంతో, సంస్థ పరిస్థితేమిటో ఉన్నదున్నట్టు చెప్పాడు. అదంతా మా అత్తకు చెప్పండి అందామె. కోల్డ్ స్టోరేజీ అబ్బాయికి తను కాదని చెప్పేసింది. అప్పటినుంచి అత్త మాట్లాడడం లేదు.

మేనత్త ముందుగదిలోనే టైలరింగ్ షాపు నడుపుతోంది. ఫుట్‌నోట్ వెంట అతను వెళ్లేసరికి జాకెట్టు కుడుతోంది. మెషిను ఆపకుండానే అతను చెప్పిందంతా విన్నది.

“రేపు ఆ కంపెనీ మూసేస్తే ఏం చేస్తారు?”

“ఇంకో పని వెతుక్కుంటానండీ. దొరికేదాకా ఈవిడ సంపాదన మీద బతుకుతాను.”

“సిగ్గనిపించదా?”

అతను ఆలోచించాడు. “మొదట్లో అనిపిస్తుందేమో. తర్వాత వంట నేర్చుకుంటాను.”

మెషిను ఆగింది.

“మా ఆయన చాలా మంచివాడు బాబూ. నేను కుడతానంటే మాత్రం పరువు పోతుందన్నాడు. తన ఫోటో స్టూడియో మూతపడ్డాకా అదే మాట, మంచాన పడ్డాకా అదే మాట. డబ్బు లేక నేను కుమిలిపోయాననుకుంటుంది ఇది. పని వచ్చిన చేతులు పెట్టుకుని ఊరికే కూర్చున్నందుకు కుమిలిపోయాను.”

గుమ్మంలో నిలబడ్డ మేనకోడలు ఈ మాట ఎన్నడూ వినలేదు. మేనత్త పళ్లతో దారం తెంపి, జాకెట్టు మడతపెట్టింది.

“నిలబడ్డావేం, కూర్చో,” అంది అతనితో.

మీరు పోయి నువ్వు వచ్చిందని అతను వెంటనే పట్టేశాడు. మాటలతో బతికేవాడు మరి.

“టీ పెట్టడమైనా వచ్చా?”

“రాదండీ.”

“అయితే కూర్చోకు. వంటిల్లు అటు, అది చూపిస్తుంది.”

ఇద్దరూ లోపలికి వెళ్లారు. చాలాసేపటిదాకా టీ రాలేదు. మేనత్త అడగలేదు.