మూడో షెడ్డులో ఇగ్నిషన్ స్విచ్

పాత కార్లు విప్పి అమ్మే ఆ యార్డులో మూడో షెడ్డంటే అందరికీ హడలు. చీకటి పడితే అటు ఎవరూ పోరు. అక్కడ చక్రాల్లేని కారొకటి ఇటుకల మీద నిలబెట్టి ఉంటుంది. రాత్రిపూట దాని డ్రైవరు సీట్లో ఒక ముసలాయన కూర్చుని, గుడ్డతో స్టీరింగు తుడుస్తుంటాడట...

పలకరిస్తే పలకడు. తల దించుకుని సీటు కిందికి జారిపోతాడు.

ఒక లారీ డ్రైవరైతే, "ఆ మొహం నాకు తెలుసు. పోయి రెండేళ్ళయింది" అని, మూడు రోజులు జ్వరంతో పడుకున్నాడు. ఎవరి మొహమో మాత్రం చెప్పలేదు.

ఆ షెడ్డులోకి మా మెకానిక్ వెళ్ళాల్సి వచ్చింది. నావల్లే. మా నాన్న ముచ్చటపడి వాడుకున్న పాత కారు ఉన్నట్టుండి మొరాయించింది. తాళం గిర్రున తిరుగుతోంది, ఇంజను మాత్రం ఉలకదు, పలకదు. ఇగ్నిషన్ స్విచ్ పోయిందన్నాడు మెకానిక్. అలాంటివి తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే అమ్మకి కంటి ఆపరేషన్. ఆవిడేమో నాన్న బండి తప్ప ఇంకోటి ఎక్కనంటుంది.

"తెల్లారేసరికి బండి గుమ్మంలో ఉండాలి" అన్నాను.

అతను యార్డు ఓనరుకి ఫోన్ చేశాడు. "మూడో షెడ్డులో బండికి అదే స్విచ్. వెళ్ళి విప్పుకో, డబ్బులు రేపిద్దువుగాని. భయమేస్తే మాత్రం నాకు సంబంధం లేదు" అని నవ్వాడట.

రాత్రి ఎనిమిదింటికి వెళ్ళాడు. టార్చి నోట కరుచుకుని, డోరు తీసి, డాష్‌బోర్డు కింద దూరాడు. స్క్రూడ్రైవరు పెట్టాడో లేదో — వెనక సీటు కిర్రుమంది.

ఎలకేమో అనుకున్నాడు.

మళ్ళీ కిర్రు... ఈసారి ఊపిరి కూడా వినిపించింది. బరువుగా, దగ్గరగా. మెడ మీద పడుతున్నట్టు.

"ముందు బ్యాటరీ వైరు పీకరా..."

టార్చి జారి కింద పడింది. "ఒళ్ళు చల్లబడిపోయింది సార్" అన్నాడు నాతో. ఆ గొంతు అతనికి బాగా తెలుసు. ఆ గొంతుగల మనిషి చనిపోయాడని ఊరంతా చెప్పింది అతనే.

అది వాళ్ళ మేస్త్రిది. స్పానరు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పిన మనిషి. రెండేళ్ళ కిందట చేతులు వణకడం మొదలై, షాపు ఇతనికి అప్పగించి చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయాడు. వచ్చినవాళ్ళంతా ఒకటే మాట — "మేస్త్రి వచ్చాకే బండి ఇస్తాం." విని విని, ఒకరోజు విసుగులో నోరు జారాడు: "మేస్త్రి పోయారండీ."

ఒకరికి చెప్పింది పదిమందికి పాకింది. పనీ పెరిగింది. నేనైతే అతని భుజం తట్టి ఓదార్చాను కూడా.

"నిజంగానే... పోయారా?" అన్నాడట మెకానిక్, వెనక సీటు వైపు తిరిగి.

బండిలో చిన్న లైటు వెలిగింది. మాసిన గడ్డం, ఒళ్ళో గుడ్డ. వణుకుతున్న చేతులు.

"పోతే బ్యాటరీ గొడవ నాకెందుకురా? చెల్లెలు పోయింది. అక్కడ నాకెవరున్నారు? ఆరు నెలల కింద బస్సు దిగి టీ కొట్టులో కూర్చుంటే, నేను పోయానని మాట్లాడుకుంటున్నారు. నువ్వే చెప్పావట. నేను షాపుకొస్తే నీ మాట ఏమవుతుంది? నీకు పనెవరిస్తారు? అందుకే ఇక్కడ కాపలాకి కుదిరాను. దెయ్యమంటే దొంగలు రారని ఓనరుకీ బాగానే ఉంది."

మెకానిక్ నేల మీద కూలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేదట. కొట్టినా బాగుండేదట.

ముసలాయన సీటు కింద తడిమి, చిన్న మూట విప్పి, రెండు స్విచ్‌లు అతని చేతిలో పెట్టాడు. "ఒకటి బిగించు. రెండోది దాచుకో, ఇక దొరకవు." ఒళ్ళో గుడ్డ మడుస్తూ అడిగాడు — "ఇంతకీ నేనెలా పోయానని చెప్పావురా?"

"...నిద్రలో."

"పోన్లే. సుఖంగానే పంపించావు."

పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి, నేల చూపులు చూస్తూ ఇదంతా చెప్పాడు మెకానిక్. నాకూ తలెత్తబుద్ధి కాలేదు. మేస్త్రి పోయాడన్న కబురు విన్నరోజు, ఆ మనిషి ఇల్లెక్కడని నేను అడగనైనా అడగలేదు.

"ఇప్పుడెక్కడున్నారు?" అన్నాను.

గేటు వైపు చూపించాడు. మా కారు ఆగి ఉంది. ఇంజను మెత్తగా మోగుతోంది. ముందు సీట్లో ఎవరో తల బాగా కిందికి వంచుకుని కూర్చున్నారు.

"దిగనన్నారు సార్. 'అమ్మగారు ఆసుపత్రికి వెళ్ళే మనిషి, నన్ను చూసి దడుచుకుంటారు... ముందు నువ్వెళ్ళి, నేను బతికే ఉన్నానని చెప్పిరా' అన్నారు."