రెండు వైపులా వీపే

టోక్యో శివార్లలో, సినిమా స్టూడియో వెనకాల ఉన్న రేకుల షెడ్డులో ఫుసాయె రాక్షసుల్ని చేసేది. వెదురు బద్దలతో ఎముకల గూడు కట్టి, నురుగు రబ్బరు అంటించి, పైన కాచిన రబ్బరు పూసేది. ఎండాకాలంలో ఆ వాసన తినే అన్నానికి కూడా పట్టేది. ఆ తొడుగుల్లో దూరి, అట్టముక్కల ఊళ్లను తొక్కుకుంటూ నడిచేవాడు ఆమె మొగుడు కిహాచి. హాల్లో పిల్లలు కేకలు పెట్టేది ఆయన్ని చూసే. ఆయన మొహం మాత్రం ఒక్క పిల్లవాడికీ తెలియదు.

ఆ ఏడాది దర్శకుడు మురోయి ఆమె చేసిన నమూనాలన్నీ తిప్పికొట్టాడు.

"జనం కోరలు చూశారు, గోళ్లు చూశారు. మొన్నటిదైతే ఉడకబెట్టిన రొయ్యలా ఉందమ్మా. ఎవరూ ఎక్కడా చూడనిది కావాలి. చేతకాకపోతే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటా."

ఫుసాయె కోపంగా మట్టి పిసకసాగింది. చేతులు వాటంతటవే ఒక వీపును చేశాయి. వంగిన మెడ, పొడుచుకొచ్చిన వెన్నుపూసలు. అటు తిప్పి చూస్తే అటూ వీపే. ఎక్కణ్ణుంచి చూసినా అది మనకు వీపు తిప్పుకునే ఉంటుంది. మన మీదికి వస్తోందో, మనల్ని వదిలేసి పోతోందో తెలియదు.

మురోయి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇదే," అన్నాడు చివరికి.

అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఫుసాయెకు తెలుసు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు విమానాలు వాడ మీద నిప్పు కురిపించాయి. యుద్ధం కావాలన్నవాళ్ల ఇళ్లు గట్టు మీద చల్లగా ఉన్నాయి. కాలింది కూలివాళ్ల కొంపలు. తమ్ముడు షోకిచికి తడిపిన దూది బొంత చుట్టి, వీపున కట్టుకుని ఆమె పరిగెత్తింది. ముందంతా వీపులే. ఒక్క మనిషి వెనక్కి తిరగలేదు. వెనకాల పడిపోయినవాళ్లు చేతులు చాపి పిలుస్తున్నా ఆమె కూడా తిరగలేదు. "షోకిచీ, బాగున్నావా?" అని అడిగినప్పుడల్లా వాడు ఆమె భుజం మీద రెండుసార్లు తట్టేవాడు. నది ఒడ్డున గుడ్డ విప్పితే, వాడు పోయి చాలాసేపైందన్నారు. ఒడ్డు చేరేదాకా వాడు తడుతూనే ఉన్నాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. తొడుగుకు కళ్లు ఆఖర్న పెడతారు, అదీ చేసినవాళ్లే పెట్టాలి. కళ్లు పెట్టాక, చెడు అంటకుండా ఉప్పు చల్లుతారు. అప్పుడే మనిషి అందులోకి దూరతాడు. కళ్లు పడనిది పూర్తికానట్టే, దాని జోలికి ఎవరూ పోరు.

"దీనికి కళ్లేవే?" అన్నాడు కిహాచి, సిద్ధమైన తొడుగు చుట్టూ తిరిగి చూసి.

"మొహమే లేదు, కళ్లెక్కడ పెట్టను?"

"మరి పని పూర్తయిందని ఎవరు చెప్పాలి?"

"ఉప్పు చల్లాగా. దూరవయ్యా."

"మా అమ్మ బతికుంటే ఇందులో ఉన్నా గుర్తుపట్టేది. నీకెప్పుడూ వీపు చూపించడమే కదరా పని, అని తిట్టేది."

ఫుసాయె నవ్వి జిప్పు వేసింది. అది ఏ వీపుకు ఉందో ఆమెకే తెలుసు. లోపలివాడు దాన్ని తెరుచుకోలేడు, మాట బయటికి రాదు. అందుకే వాళ్లకొక సైగ ఉంది. బయటినుంచి ఆమె తడుతుంది. లోపలినుంచి రెండు దెబ్బలు వస్తే బాగున్నట్టు. మూడొస్తే వెంటనే తెరవాలి.

మిట్టమధ్యాహ్నం తలుపులు మూసి దీపాలు వేశారు. గాలి లేదు. రెండు వీపుల రాక్షసి అట్టల ఊరి మీద నడిచింది. ఫుసాయె వెళ్లి తట్టింది. టక్, టక్.

"ఇంకోసారి," అన్నాడు మురోయి.

మళ్లీ తట్టింది. టక్, టక్.

"ఇంకోసారి."

ఈసారి రాక్షసి కదల్లేదు. రబ్బరు వాసనలో ఇంకో వాసన కలిసింది. తడిసిన దూది కాలుతున్నట్టు.

"తీసేద్దామండీ," అంది ఫుసాయె.

"ఇందాక రెండు కొట్టాడుగా, నేనూ విన్నా."

ఆమె చెవి ఆనించి తట్టింది. టక్... టక్... శబ్దం కిహాచి చేతులుండే చోటినుంచి రావట్లేదు. కిందినుంచి వస్తోంది. ఆమె నడుమెత్తునుంచి.

ఫుసాయె జిప్పు లాగేసింది. కిహాచి మూటలా బయటికి జారాడు. పెదాలు నల్లబడ్డాయి.

ఆస్పత్రిలో ఆయనకు మాట రావడానికి సాయంత్రమైంది.

"మూడు కొట్టానే..." అన్నాడు గొణుగుతూ. "ప్రతిసారీ మూడే కొట్టాను."

"నాకు రెండే వినబడ్డాయి."

"అవి నావి కావు... లోపల నా వీపుకు వీపు ఆనించి ఎవరో నిలబడ్డారు. వాడు కొట్టాడు."

"ఎవరు?"

"చిన్న వీపు, ఫుసాయె... కాలిపోతోంది."

రేపు ఇంకో మనిషిని అందులోకి పంపుతానని మురోయి అప్పటికే కబురు చేశాడు. ఆమె నేరుగా షెడ్డుకు పోయి రబ్బరు కోసే కత్తి తీసింది.

తొడుగుల్ని గోడవైపు తిప్పి వేలాడదీస్తారు, మొహాలు కనబడకుండా. ఇది మాత్రం ఎటు తిరిగి ఉందో తెలియదు. ఫుసాయె కత్తి ఎత్తింది.

టక్, టక్.

చెయ్యి ఆగిపోయింది.

"షోకిచీ..." అంది నెమ్మదిగా. "బాగున్నావా?"

టక్, టక్.

కత్తి కింద పెట్టింది. దానికి వీపు తిప్పి, మోకాళ్ల మీద కూర్చుని, చేతులు వెనక్కి చాపింది. ఆనాడు చాపినట్టే.

"రా నాన్నా. రేపు ఇంకెవరి జోలికీ పోవద్దు. అక్క మోస్తుంది."

వెనకాల రబ్బరు కిర్రుమంది. వేడి బరువొకటి మెల్లగా ఆమె వీపున ఆనింది. మెడ చుట్టూ రెండు చిన్న చేతులు పడ్డాయి.

ఫుసాయె లేవబోయింది.

ఇంకో రెండు చేతులు పడ్డాయి. పెద్దవి.

ఆ తర్వాత ఇంకో రెండు...