ఎదురీదిన డ్రెడ్జర్

పైడిరేవు పోర్టుకు దక్షిణాన, సముద్రాన్ని పూడ్చి నేల చేస్తున్న యార్డులో, పొద్దున టీ వేళకి పెద్ద ఇనుప గొట్టం దగ్గినట్టు ఒక్కసారి ఆగి, మళ్ళీ ఇసుకా నీళ్ళూ కక్కడం మొదలుపెట్టింది. ఇసుక చదును చేస్తున్న బుల్‌డోజర్ డ్రైవరు ముందుగా ఒక బూటు చూశాడు. బూటు ఖాళీగా లేదు. అతను బండి దిగి పరిగెత్తి, గట్టు మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. మిగతా జడ్సన్ బయటికి రావడానికి మరికొంతసేపు పట్టింది.

జడ్సన్ మెర్విక్ మెరైన్ కంపెనీ డ్రెడ్జర్ మీద సర్వే అసిస్టెంటు. కాలు జారి ఓడలోని ఇసుక తొట్టిలో పడ్డాడనీ, పంపు లాగేసుకుందనీ కంపెనీ రాసిచ్చింది. పోలీసులు కాగితం తీసుకుని వెళ్ళిపోయారు. అతని అసలు ఉద్యోగం ఢిల్లీలో పేరులేని ఒక డిపార్టుమెంటులో అని తెలిసినవాళ్ళు, ఆ డిపార్టుమెంటు మనుషుల్లో, నెల్లూరులో ఇద్దరే మిగిలారు. ఒకరు చీఫ్ పద్మనాభయ్య. రెండోవాడు, ఆ మధ్యాహ్నం ఆయన ఎదురుగా కూర్చున్న ఏజెంట్ హరినాథ్.

రొయ్యల మేత గోడౌన్ వెనక గది అది. పద్మనాభయ్య ఊరి దృష్టిలో మేత డీలరు. గదిలో ఏసీ ఉన్నా వాసన మాత్రం మేతదే.

"డ్రెడ్జర్ అంటే తెలుసు గదా?" అన్నాడాయన.

"సముద్రం అడుగున ఇసుక తోడే ఓడ."

"లోతు ఉన్నోడి దగ్గరికే పెద్ద ఓడ వస్తాది. పెద్ద ఓడ వచ్చినోడిదే వ్యాపారం."

గోడ మీది ప్రపంచ పటంలో వేలితో చూపిస్తూ ఆయన బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. గల్ఫ్‌లో సముద్రం మీద దీవులు లేస్తున్నాయి. ఆగ్నేయాసియాలో కొత్త పోర్టులు, ఆఫ్రికా పడమటి తీరంలో కొత్త కాలువలు. పెద్ద డ్రెడ్జర్లున్న కంపెనీలు కొన్నే. ఎక్కడ గ్రోత్ ఉంటే ఆ ఓడలన్నీ అక్కడికే పోతాయి, మేత పడ్డచోటికి చేపలు మూగినట్టు. ఈ మెర్విక్ ఒక్కటే చేతిలో ఉన్న గల్ఫ్ కాంట్రాక్టు వదులుకుని, నష్టానికి కొటేషన్ వేసి, పైడిరేవు కాలువ తవ్వడానికి వచ్చింది.

"మందంతా ఒకదిక్కు పోతా ఉంటే ఇదొక్కటే ఎదురీదింది. ఎందుకో కనుక్కోమని జడ్సన్‌ని పంపినా. కనుక్కున్నట్టే ఉన్నాడు."

మెర్విక్ వెనక 'సిల్ట్', అంటే ఒండ్రుమట్టి, అని తనకి తానే పేరు పెట్టుకున్న విదేశీ ముఠా ఉంది, డిపార్టుమెంటు వెంటాడుతున్నదే. మన తూర్పు తీరంలో లోతు లేక పెద్ద ఓడలు రాలేకపోవడం వల్లే బతుకుతున్న ఒక పరదేశపు రేవు ఉంది. ఆ రేవు పెట్టుబడిదారులు పోషిస్తున్న ముఠా అది. ఈ తీరం ఎప్పటికీ లోతు కాకూడదు, అదే వాళ్ళ ధ్యేయం.

"లోపల మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" హరినాథ్ అడిగాడు.

"డెబోరా. కంపెనీ కమర్షియల్ మేనేజరు. రెండేళ్ళుగా మనకి సమాచారం ఇస్తా ఉంది."

"జడ్సన్ మనవాడని ఆమెకి తెలుసా?"

"కంపెనీలో తెలిసింది ఆమె ఒక్కదానికే."

అరెస్టు చేద్దామా అని అడిగాడు హరినాథ్. పద్మనాభయ్య తల అడ్డంగా ఊపాడు. ఆమెని పట్టుకుంటే సిల్ట్ ఇంకొకరిని పెట్టుకుంటుంది, ఆ ఇంకొకరు ఎవరో మనకి తెలియదు. ఉండనివ్వాలి. ఈసారి వచ్చేవాడి గురించి మాత్రం ఆమెకి చెప్పకూడదు.

*

మర్నాడు మెర్విక్ ఆఫీసుకి తల నెరిసిన, చెవుడున్న మార్కెట్ కన్సల్టెంట్ ఒకాయన వచ్చాడు. డ్రెడ్జింగ్ రంగంలో రీజినల్ గ్రోత్ మీద రిపోర్టు రాస్తున్నాడట. చెవిలో మిషను. ఏం చెప్పినా రెండుసార్లు చెప్పించుకునేవాడు. ఆ మిషన్‌లో ఉన్నది ట్రాన్స్‌మిటర్. హరినాథ్ చెవులు పాము చెవులు.

మూడో అంతస్తులో డెబోరా గది. గోడంత అద్దంలోంచి పోర్టు కాలువ, దాని పక్కన ఓడలకి దారి గుర్తుగా నీళ్ళ మీద తేలే, నంబర్లు వేసిన ఎర్రటి బోయలు, ఆ చివర తెల్లటి డ్రెడ్జర్ కనిపిస్తాయి. ఆమె సముద్రపు రంగు పట్టుచీర కట్టుకుని, జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని, గదిలోకి వచ్చినవాడు వచ్చిన పని మరిచిపోయేంత అందంగా ఉంది. రిపోర్టుకి కావలసినవన్నీ ఓపిగ్గా, గట్టిగా అరిచి చెప్పింది. వచ్చే పదేళ్ళూ ఏషియా-పసిఫిక్‌వేనట. ఆ డివిజన్‌కి త్వరలో తానే హెడ్ అవుతుందట.

"ప్రపంచంలో లోతు ఎక్కడ పెరగాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు సార్. అది మైపాడు ఇసకలో పెరిగిన ఆడపిల్లయితే తప్పేంది?"

అప్పుడే డ్రెడ్జర్ కెప్టెన్ ఫాల్కర్ లోపలికి వచ్చాడు. ఎండకి కందిన ముఖం, చల్లటి కళ్ళు. హరినాథ్ చెవి మిషను తీసి టేబుల్ మీద పెట్టి, చేతిరుమాలుతో చెవి తుడుచుకోసాగాడు. వాళ్ళిద్దరూ చెవిటివాడి ముందు మాట్లాడుకున్నట్టే ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు.

పేల్చే బటన్ తన దగ్గర పెట్టి, దాన్ని ఆపే కోడ్ ఆమెకి ఇవ్వడమేమిటని ఫాల్కర్ విసుక్కున్నాడు. సిల్ట్ అతన్ని నమ్మదనీ, తననీ నమ్మదనీ, అందుకే తాళం ఒకరికీ చెవి ఒకరికీ ఇచ్చిందనీ ఆమె నవ్వింది. ఏడో బోయ అన్న మాట వినబడింది. రోజు మాత్రం చెప్పుకోలేదు. వెళ్ళబోతూ ఫాల్కర్ ఆ సర్వే కుర్రాడి మాట ఎత్తాడు. తొట్టిలోకి తోసేటప్పుడు ఆమె ఓడ మీదే ఉంది కదా, వాడేమైనా అరిచాడా?

"పంపు చప్పుడులో ఏం వినపడుతుంది?" అంది డెబోరా.

హరినాథ్ వాళ్ళిద్దరి వంకా చూసి, ఏమీ వినపడనివాడి నవ్వు నవ్వాడు. టేబుల్ మీది మిషను తీసి మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు.

*

కాలువ చూపించడానికి డెబోరా తమ్ముణ్ణే తోడిచ్చింది. ఫ్రెడ్డీ పోర్టులో టగ్ నడిపేవాడు. పెద్ద ఓడలకి తాడు కట్టి కాలువలోంచి లాక్కొచ్చే చిన్న ఓడ అది. అతను కాలువంతా తిప్పి చూపించి, తిరిగొచ్చాక ఇంటికి రమ్మని వదలకుండా పట్టుకుపోయాడు. మైపాడు దారిలో చర్చి వెనక ఇల్లు. తల్లి ఎలిశబెతు వంజరం చేపల పులుసు, వేడి అన్నం వడ్డించింది. పొరబోయినప్పుడు ఫ్రెడ్డీ తన చేత్తో హరినాథ్ నెత్తి మీద తట్టి నీళ్ళిచ్చాడు.

"మెల్లగా తినన్నా," అని వీధంతా వినపడేలా అరిచాడు. చెవిటివాళ్ళతో అలాగే మాట్లాడాలని అతని నమ్మకం.

మాటల్లో అతనే తన గోడు చెప్పుకున్నాడు. గురువారం అమ్మోనియా ట్యాంకరు వస్తోంది. అంత పెద్ద ఓడ ఈ కాలువలోకి రావడం ఇదే మొదటిసారి. దానికి తాడు కట్టే వంతు తనది. సరిగ్గా ఆ రోజే పెళ్ళిచూపులకని తననీ అమ్మనీ దూరాన ఉన్న తడ ఊరికి పొమ్మంటోంది అక్క. లీవు కూడా ఆమే పెట్టించింది.

"ఇంకో రోజు పోతాం అంటే ఇనదన్నా. ఏడ్చినంత పని చేసింది."

హరినాథ్ చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. ద్రవ అమ్మోనియా. గాలి ఒడ్డుకి వీచే వేళ. ఏడో బోయ దగ్గర కాలువ అడుగున డ్రెడ్జర్ పాతిపెట్టిన మందుపాతర్లు పేలి ట్యాంకరు పగిలితే పైడిరేవు నుంచి మైపాడు దాకా ఊపిరి పీల్చిన ప్రాణి మిగలదు. ఆ తర్వాత ఈ తీరానికి ఓడ రాదు, ఇన్సూరెన్స్ రాదు, డ్రెడ్జర్ రాదు. తోడిన లోతంతా మళ్ళీ పూడిపోతుంది. డెబోరా తనవాళ్ళిద్దరినీ తీసేసుకుంది. ఊళ్ళని వదిలేసింది.

వీధిలోకి వచ్చి పద్మనాభయ్యకి ఫోన్ చేసి, దాడి ఖాయమనే సంకేతంగా "మేత తడిసింది. గురువారం," అన్నాడు.

ట్యాంకర్ని ఆపేద్దామన్నాడు. పద్మనాభయ్య ఒప్పుకోలేదు. ఈసారి ఆపితే వాళ్ళు ఇంకో రోజు, ఇంకో ఓడ చూసుకుంటారు. ఆ రోజేదో ముందే చెప్పే లీవు అప్పుడు మనకి దొరకదు. ఫాల్కర్ మీదికి పోతే బటన్ నొక్కి మందుపాతర్లు పేల్చేస్తాడు, రుజువే మిగలదు. కోడ్ కావాలి. అది డెబోరా నోటి నుంచే రావాలి.

"కొడితే చెప్పే మనిషి కాదు సార్."

"కొట్టమని ఎవురు చెప్పినారు? ఆ పిల్లోడి లీవు క్యాన్సిల్ చేయించు."

ఇంట్లోంచి ఎలిశబెతు మజ్జిగ తాగి పొమ్మని కేకేస్తోంది.

"ఇన్నావా?"

"విన్నాను సార్," అన్నాడు. చేయించాడు.

*

గురువారం డెబోరా అద్దం ముందు నిలబడి ఉంది. కాలువ మొదట్లో ట్యాంకరు కొండలా కదులుతోంది. హరినాథ్ లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టాడు.

"రిపోర్టు అయిపోయిందా సార్?" అని ఆమె అరిచింది.

"మెల్లగా మాట్లాడండి. నాకు బాగానే వినిపిస్తుంది."

ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. వచ్చి కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుంది.

"జడ్సన్ మనిషివా?"

"అవును."

"అయితే ఆలస్యమైపోయింది. ఓడ ఆగినా, తాడు వదిలినా, ఒక్క కోస్టుగార్డు పడవ కనపడినా ఫాల్కర్ నొక్కేస్తాడు. నన్ను చంపుకుంటావా, చంపుకో. కోడ్ రాదు."

"రేడియో విందామని వచ్చాను."

అతను షెల్ఫ్ మీది మెరైన్ రేడియో వాల్యూమ్ పెంచాడు. ముందు గరగర. తర్వాత హుషారైన గొంతు. టగ్ తాడు కట్టేసిందనీ, ట్యాంకరు ముందు తాను పోతున్నాననీ పోర్టు కంట్రోలుకి చెబుతోంది.

డెబోరా కాలు మీది కాలు దిగింది.

"వాడు తడలో ఉన్నాడు."

"అమ్మగారొక్కరే వెళ్ళారు. అతని లీవు క్యాన్సిలైంది. చెబితే అడ్డుపడతారని, మీకు చెప్పకుండా డ్యూటీ ఎక్కాడు."

"ఎవురు చేసినారు?"

"నేను."

ఆమె రేడియో మైకు లాక్కుంది. హరినాథ్ ఆపలేదు. తమ్ముడి పేరు పిలవబోయి, అద్దంలోంచి డ్రెడ్జర్ వంక చూసి ఆగిపోయింది. ఫాల్కర్ దగ్గరా అదే ఛానల్ ఉంది. ఫ్రెడ్డీ తాడు వదిలిన మరుక్షణం అతను నొక్కుతాడు. మైకు ఆమె చేతిలోంచి జారి తీగకి వేలాడింది.

"మా ఇంట్లో అన్నం తిన్నావు నువ్వు."

"తిన్నాను."

"మా అమ్మ పెట్టింది."

"అవును."

టగ్ ఆరో బోయ దాటింది. చిన్న పసుపురంగు ఓడ, దాని వెనక కొండంత ఎర్ర ఓడ. డెబోరా అతని కళ్ళలోకి చూసింది, ఇది ఉత్త బెదిరింపేనా అని వెతుకుతున్నట్టు. అక్కడ ఆమెకి ఏం కనిపించిందో గాని, ఫోన్ తీసింది. మొదటిసారి కోడ్ తప్పు కొట్టింది. స్క్రీన్ ఎర్రబడింది.

"వాడికి తెలియకూడదు. నేను చేసింది వాడికి ఎప్పుడూ తెలియకూడదు."

"తెలియదు."

రెండోసారి నొక్కింది. కాలువలో టగ్ ఏడో బోయకి వచ్చింది. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. టగ్ బోయ దాటింది. ట్యాంకరు ముక్కు బోయ నీడలోకి వచ్చినప్పుడు స్క్రీన్ పచ్చబడింది.

అవతల డ్రెడ్జర్ బ్రిడ్జి మీద ఫాల్కర్ బటన్ నొక్కాడు. సముద్రం కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. అతను ఇంకా నొక్కుతూ ఉండగానే, చేపల మరపడవలో వలల కింద పడుకుని వచ్చిన కమాండోలు డెక్ ఎక్కారు. కాలువ అడుగున ఇసుకలో, ఆ డ్రెడ్జరే తవ్వి, ఆ డ్రెడ్జరే పూడ్చిన మందుపాతర్లు నిద్రపోయాయి. వాటి మీదుగా ట్యాంకరు నింపాదిగా రేవులోకి పోయింది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తలెత్తి, ఎంత పెద్ద ఓడో అని చూశారు.

*

పద్మనాభయ్య మధ్యాహ్నానికి వచ్చాడు. డెబోరాతో ఆయన మాట్లాడింది కాసేపే. ఫాల్కర్ డబ్బుకి అమ్ముడుపోయి పని పాడుచేశాడని సిల్ట్ పెద్దలకి స్వయంగా వెళ్ళి చెప్పాలి. వాళ్ళ హెడ్డాఫీసులోనే ఉండాలి. వాళ్ళు చెప్పుకునేదంతా ఇటు పంపాలి. ఆమె వెళ్ళి కారెక్కింది. చెప్పుల్లో ఒకటి మెట్ల మీద ఊడిపోతే తీసుకోలేదు.

"సాక్షిగా పెడతామనుకున్నాను," అన్నాడు హరినాథ్. "తమ్ముడికి తెలియకుండా చూస్తామని మాటిచ్చాను."

"తెలియనియ్యం. తెలియనిస్తామని ఆమెని మాత్రం బెదిరిస్తా ఉంటాం."

"వాళ్ళకి దొరికితే?"

"ఫాల్కర్ నిజం బయటికి రానంత కాలం దొరకదు. వాడి నోరు మన చేతిలో ఉండాది." ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అవతల ఎంతకాలం ఉంటే అంత లాభం. తర్వాత వాడి నోరు తెరిపిస్తే, జడ్సన్ లెక్క ఆమెతో వాళ్ళే తేల్చుకుంటారు. మనకెందుకు రక్తం?"

సాయంత్రం జెట్టీ మీద ఫ్రెడ్డీ ఎదురొచ్చాడు. పెద్ద ఓడని లాగిన సంబరం ఇంకా ముఖం మీదే ఉంది. ట్యాంకరు కెప్టెన్ చెయ్యి ఊపాడట. అక్కకి చెబుదామని మధ్యాహ్నం నుంచీ ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదట.

కంపెనీ పనిమీద అర్జెంటుగా విదేశం పంపించారని హరినాథ్ చెప్పాడు. పెద్ద పోస్టు, ఇప్పట్లో రాకపోవచ్చు.

ఫ్రెడ్డీ ముఖం వాడిపోయింది. మోకులు చుట్టిన దిమ్మ మీద కూలబడ్డాడు.

"అమ్మకి గూడా చెప్పకుండా పొయ్యింది. సూడన్నా, లీవు మాట ఇననందుకు కోపం గావాల. కోపమొస్తే పోతారా అట్టా? మా అక్కకి మేమంటే లెక్కలేదన్నా. ఆమెకి ఆమె ఉద్యోగమే పాణం. నువ్వు నాలుగు రోజులు ఆమె దగ్గరే ఉంటివి గదా. నిజం చెప్పు. అంతే గదా?"

"అంతే," అన్నాడు హరినాథ్.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతను ఇంతకంటే పొట్టి అబద్ధం ఆడి ఎరగడు.